ఉన్న ఊరు

“ఉన్న ఊరు కన్నతల్లి” అని తెలుగువారి సామెత. దీనిని పలుకువారందరును పుట్టిన ఊరినే మనస్సులో నుంచుకొని పలుకుదురు. కాని సామెతలో “పుట్టిన” అను మాట లేదు; “ఉన్న” అను మాటయే కలదు. పుట్టినచోటనే బ్రదికి అచ్చటనే కన్నుమూయు కాలమున ఈ రెండు మాటలకును భేదము తోచలేదు. బ్రదుకుతెరువు మనుష్యుని వేరొకచోట నిలిపినప్పుడు సామెత రెండుగా చీలును. అప్పుడు తల్లి ఎవరు? విడిచివచ్చిన ఊరా, అన్నము పెట్టుచున్న ఊరా?

ఈ ప్రశ్నను ఎదుర్కొనుటకు సముద్రములు దాటనక్కరలేదు. సూరత్ నగరమున సలాబత్‌పురా అను పేట కలదు. బేగంపురా, రుస్తంపురాలవలె ఇదియు పాతనగరమును చుట్టుకొని పెరిగిన పేటలలో ఒకటి. మగ్గముల చప్పుడు, చీరల బేరము దీని నిత్యజీవనము. తెలంగాణమున చేతిమగ్గము కూడు పెట్టజాలని దినములలో కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల పద్మశాలీలు షోలాపురమునకు, బొంబాయికి, భీవండికి పోయినట్లే సూరతునకును పోయిరి. సలాబత్‌పురాలోను, దాని కావలనున్న లింబాయత్ మున్నగు పేటలలోను మరమగ్గముల యొద్ద నిలిచిరి. తామరతూటి నారతో దేవతలకు వస్త్రము నేసెనని చెప్పు భావనాఋషి సంతతివారు నైలాను, పాలియెస్టరు దారములతో చీరలు నేయసాగిరి.

వారి మాట వినినచో సమస్య తేటపడును. నేతగాడు సూరతులో తానుండు చోటును “రూము” అనును. అతని “ఇల్లు” ఊరిలో నుండును. ఏడాదిలో పది దినములు మాత్రము దీపము వెలుగునది ఇల్లు. పిల్లలు పుట్టి, నడక నేర్చి, జ్వరపడి కోలుకొన్నది రూము. “ఊరికి పోవుచున్నాను” అనినచో ఏ ఊరికని తోటివారెవరును అడుగరు. ఇది వట్టి వాడుకయే కదా యని త్రోసివేయరాదు. ఆలోచించి పలుకు మాటలకంటె ఆలోచింపక పలుకు మాటలే మనుష్యుని హృదయమునకు దగ్గరివి. అట్టివాడు ముప్పది సంవత్సరములు సూరతులో నివసించెనని చెప్పుట సరియగునా? పనిచేసెను, తినెను, నిద్రించెను. నివసించుటను మాత్రము వాయిదా వేసెను.

వాయిదా వేయలేనిది బిడ్డల బ్రదుకు. నేతగాని కొడుకు వీథిలో గుజరాతీ, కార్ఖానాలో హిందీ, అమ్మతో తెలుగు మాటలాడును. సూరతు నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమమునను బడులు నడుపుట మెచ్చదగిన విషయము. ఆ బడిలో బాలుడు చెరువుగట్టు, తాటివనము అను మాటలను చక్కగా చదువును. వానిని వేసవి సెలవులలో తప్ప చూచి యెరుగడు. సెలవులకు పోయినచో ఊరివారు “సూరతు పిల్లవాడు వచ్చినాడు” అందురు. తిరిగివచ్చినచో సూరతువారు “తెలుగు పిల్లవాడు వచ్చినాడు” అందురు. తండ్రికి రెండు ఊళ్లలో ఒకటైనను తనది. కొడుకునకు ఆ నిశ్చయమును లేదు.

ఇక్కడ ఒక నింద వినవచ్చును: ఇన్నియేండ్లు ఒక ఊరి అన్నము తినియు దానిని తనదని అననివాడు కృతఘ్నుడు కాడా? ఈ నిందలో ఒక పొరపాటు దాగియున్నది. కూలి భిక్ష కాదు. నేతగాడు తినిన అన్నమునకు బదులుగా గజములకొలది గుడ్డ నేసి యిచ్చెను. ఆ గుడ్డవలన బజారులు వెలసినవి, మేడలు లేచినవి. ఋణపత్రము విప్పిచూచినచో ఎవరు ఎవరికి బాకీపడిరో చెప్పుట కష్టము. కృతజ్ఞత చెల్లించవచ్చును, ప్రేమ అట్లు వసూలు చేయదగినది కాదు.

అట్లని నేతగాని బాధ్యత తీరిపోయెననరాదు. పనికి బదులు కూలి వచ్చును, పొరుగుతనమునకు బదులేమి? వీథికుళాయి నీరు, మురుగుకాలువ, ఎదురింటి వృద్ధురాలి జబ్బు, బడి పైకప్పు, వీనిని గూర్చి “రేపో మాపో పోవువారము, మనకేల?” అని తలచువాడు ఊరును సత్రముగా చేయుచున్నాడు. పోదునను తలంపు దోషము కాదు. ఆ తలంపును సాకుగా చేసికొనుటయే దోషము.

సత్రమన్న మాట సూరతునకు క్రొత్తది కాదు. షాజహాను కాలమున 1644లో బాటసారులకై, మక్కాయాత్రికులకై కట్టిన మొగల్ సరాయి నేడు నగరపాలక సంస్థకు కార్యాలయము. ఊరిని ఏలువారు బాటసారుల సత్రములో కూర్చుండి ఏలుచున్నారు. అదే నగరమున ఆంగ్లేయుల, డచ్చివారి సమాధులు కలవు. 1669లో మరణించిన సర్ జార్జి ఆక్సెండెన్ సమాధి దూరమునుండి చూచువారికి మొగలుల గుమ్మటమువలె తోచును. లాభముకొరకు వచ్చి, తమ కోఠీ గోడల నడుమ వేరుగా బ్రదికినవారు మరణించినపిదప ఈ నేల శిల్పమునే ఆశ్రయించిరి. బ్రదికియున్నప్పుడు కలియనివారిని మన్ను కలుపుకొన్నది. మనుష్యుడు అంతవరకు ఆగనేల?

అయితే ఒక్కచేత చప్పట్లు మ్రోగవు. 1994లో ప్లేగు భయమున లక్షలాది జనము సూరతును విడిచిపోయినప్పుడు స్థానికుడు, వలసవాడు అను భేదము లేక రైళ్లెక్కిరి. 2020లో లాక్‌డౌను మగ్గములను ఆపివేసినప్పుడు ఆ రైళ్లును లేకపోయెను. ఒడిషా మొదలగు పలుచోట్లనుండి వచ్చిన కార్మికులు తమను ఇండ్లకు పంపుడని సూరతు వీథులకెక్కిరి. ఆపదలో మనుష్యుడు పరుగెత్తిన దిక్కునుబట్టి అతని ప్రేమను కొలువరాదు. ఆకలివేళ తన పేరు ఎవరి పట్టికలో నుండునో అతడు ఆ దిక్కునకే పోవును. దేశమున ఎచ్చటనైనను స్థిరపడు హక్కును రాజ్యాంగము 1950లోనే యిచ్చినది. కాని రేషను కార్డు పుట్టిన రాష్ట్రమును విడిచి రాలేదు. 2019 ఆగస్టులో రాష్ట్రములనడుమ ఆ కార్డు చెల్లుబాటును ప్రయోగముగా ప్రారంభించినప్పుడు తెలంగాణము ఆంధ్రప్రదేశముతోను, గుజరాతు మహారాష్ట్రముతోను జతపడినవి. 2022నాటికి గాని అది దేశమంతటను వ్యాపింపలేదు. ఉండు హక్కు వెనుక ఉన్నచోట బియ్యము పొందు వీలు నడిచివచ్చుటకు డెబ్బది యేండ్లు పట్టెను. పట్టికలో పేరు వ్రాయని ఊరు “నన్ను తల్లి యనుము” అని కోరుట తగునా?

సూరతులోనే 1833లో జన్మించిన నర్మదకవి గుజరాతు ఎవరిదని ఒక పద్యమున ప్రశ్నించి, ఆ భాష పలుకువారితోనే ఆగక, ఇతర జాతులవారైనను ఈ నేల పెంచినవారికిని అందు భాగము కలదని భావించెను. కన్నదిమాత్రమే తల్లి కాదు, పెంచినదియు తల్లియే. దేవకీ యశోదల కథ వినిన దేశమున ఈ మాట వింతగా తోచదు. యశోదను అమ్మా యని పిలుచుటవలన దేవకికి కొరత కలుగలేదు.

శరత్కాలమున దీనిని కన్నులార చూడవచ్చును. మహాలయ అమావాస్యనాడు తెలంగాణపు ఆడుబిడ్డలు బతుకమ్మను పేర్చుదురు. మరునాటినుండి గుజరాతీ స్త్రీలు నవరాత్రి గర్బా ఆడుదురు. ఒకచోట నడుమ పూలగోపురము, ఒకచోట నడుమ దీపమున్న చిల్లుల కుండ. పాటలు వేరు, చప్పట్లు ఒకటే. రెండుచోట్లను స్త్రీలు వలయముగా తిరుగుదురు. ఒక సాయంకాలము బతుకమ్మ నాడి మరునాడు గర్బాలో అడుగువేయు బాలిక తాను రెండు ఊళ్ల నడుమ చీలితినని అనుకొనదు. చీలికను గూర్చి విచారించునది పెద్దలు.

కావున సామెతను దిద్దనక్కరలేదు. పూర్తిగా చదివిన చాలును. తల్లిని ఎన్నుకొనుమని అది మనుష్యుని శాసించుట లేదు. ఎచ్చట ఉన్నావో అచ్చట బిడ్డవలె మెలగుమనుచున్నది. మెలగువానిని బిడ్డగా చూడుమని ఊరికిని చెప్పుచున్నది. సలాబత్‌పురా నేతగాడు ఏనాడైన తన రూమును ఇల్లనునో లేదో అతని యిష్టము. అతడట్లు అనదలచిననాడు కాదనువారు లేకుండుటయే ఆ ఊరి ధర్మము.