తొలి పిక్, ఎవరి బాకీ?

“అంత పోసి తెచ్చుకున్నారు, ఇదా వీడు ఆడే ఆట?”

2023 డిసెంబర్‌లో ఒక సోమవారం, ఆఫీసులో భోజనాల దగ్గర పక్కనున్న తెలుగు మిత్రుడితో ఈ మాటన్నది నేనే. అనేశాక ఆ వాక్యం ఎక్కడో విన్నట్టు అనిపించి కాసేపు తిండి మీద ధ్యాస పోయింది. ఎక్కడ విన్నానో చెప్పేముందు ఆ ‘వీడు’ ఎవరో చెప్పాలి.

నేనుండేది షార్లట్‌లో. ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు కరొలైనా పాంథర్స్. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదని తెలిసిందే. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరిగెడుతూ, ఒకళ్ళనొకళ్ళు పడదోసుకుంటూ ఆడే ఆట. ఆ బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. మిగతా పదిమంది ఎంత గొప్పవాళ్ళయినా, వీడు సరిగా లేకపోతే జట్టు సాగదు. నేను అన్నది బ్రైస్ యంగ్ అనే క్వార్టర్‌బ్యాక్ గురించి. అప్పటికి అతని వయసు ఇరవైరెండు.

ఈ లీగులోకి కొత్త ఆటగాళ్ళు వచ్చే దారి డ్రాఫ్ట్. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తిరగేస్తే డ్రాఫ్ట్ అవుతుంది. కౌన్సెలింగ్‌లో మంచి ర్యాంకు వచ్చినవాడు ముందు వెళ్ళి తనకు కావలసిన కాలేజీ ఎంచుకుంటాడు. ఇక్కడ కాలేజీయే పిల్లవాణ్ణి ఎంచుకుంటుంది. అదీ, కిందటేడు అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టుకి మొదటి అవకాశం. ఏటా ఏప్రిల్‌లో మూడు రోజుల పాటు, ఏడు రౌండ్లలో 32 జట్లు ఇలా వరసగా ఎంచుకుంటాయి. ఎంచుకున్న జట్టుకి ఆడటం, ఆడకపోవడం మినహా పిల్లవాడికి పెద్దగా దారుల్లేవు. 1983లో జాన్ ఎల్వే, 2004లో ఈలై మానింగ్ తమను ఎంచుకున్న జట్లకి ఆడమని మొండికేసి వేరే జట్లకి మారారు కానీ, అలా మొండికేయగలిగిన వాళ్ళు చాలా తక్కువ.

ఈ ఏర్పాటు ఫిలడెల్ఫియా జట్టు యజమాని బర్ట్ బెల్ ఆలోచన. డబ్బున్న జట్లే మంచివాళ్ళందరినీ కొనేసుకుంటుంటే మిగతావి ఎప్పటికీ లేవలేవని 1935లో ప్రతిపాదించాడు. మొదటి డ్రాఫ్ట్ 1936లో జరిగింది. అందులో మొట్టమొదట ఎంపికైన జే బెర్వాంగర్ అసలు ఈ లీగులో ఒక్క ఆట కూడా ఆడలేదు. తొలి పిక్‌కి ఏ హామీ లేదని తొలిరోజే తేలిపోయింది. అయినా తొంభై ఏళ్ళుగా ఆ సంగతి ప్రతి ఏప్రిల్‌లోనూ మరిచిపోతూనే ఉన్నారు.

చూడగానే డ్రాఫ్ట్ నాకు చాలా న్యాయంగా అనిపించింది. అందరికన్నా వెనకబడ్డవాడికి అందరికన్నా ముందు వడ్డించడం. జాన్ రాల్స్ చదివినవాళ్ళకి ఇంకా ముచ్చటేస్తుంది. కానీ ఈ న్యాయం జరుగుతున్నది జట్ల మధ్య. ఆ పిల్లవాడి వైపు నుంచి చూస్తే, ఆ ఏడాది అందరికన్నా ఆశలు రేపినవాణ్ణి తీసుకెళ్ళి అందరికన్నా పాడుబడ్డ ఇంట్లో పెడుతున్నాం. 2002లో హ్యూస్టన్‌లో కొత్తగా పుట్టిన జట్టు తొలి పిక్‌గా డేవిడ్ కార్‌ని తీసుకుంది. అతని ముందు నిలబడి కాపాడాల్సిన వరస ఎంత బలహీనంగా ఉందంటే, బంతి విసిరేలోపే ఆ ఒక్క ఏడాదిలో అతన్ని 76 సార్లు పడగొట్టారు. దీన్ని శాక్ అంటారు. ఒక సీజన్‌లో అన్నిసార్లు పడినవాడు ఇంకెవరూ లేరు.

ఇప్పుడు పాంథర్స్ సంగతి. 2023 డ్రాఫ్ట్‌లో తొలి పిక్ షికాగో బేర్స్‌ది. పాంథర్స్‌ది తొమ్మిదోది. మార్చిలో బేరం కుదిరింది. ఆ ఒక్క తొలి పిక్ కోసం పాంథర్స్ తమ తొమ్మిదో పిక్, ఆ ఏడాదే 61వ పిక్, 2024 మొదటి రౌండు పిక్, 2025 రెండో రౌండు పిక్, వీటి మీద డీజే మూర్ అనే మంచి ఆటగాణ్ణి కూడా ఇచ్చేశారు. మూర్ చేసే పని క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పట్టుకోవడం. అంటే విసిరేవాణ్ణి తేవడానికి పట్టుకునేవాణ్ణి ఇచ్చారన్నమాట.

మొదటి ఏడాది యంగ్‌ని 62 సార్లు పడగొట్టారు. పదకొండు ఆటలయ్యాక కోచ్‌ని పంపించేశారు. జట్టు పదిహేడింట్లో రెండు గెలిచింది. అంత అధ్వానంగా ఆడితే వచ్చే ఏడాది తొలి పిక్ వాళ్ళకే రావాలి, వచ్చింది కూడా. కానీ దాన్ని ముందే షికాగోకి రాసిచ్చేశారు కదా! పైగా యంగ్ తర్వాత రెండో పిక్‌గా హ్యూస్టన్ తీసుకున్న సీజే స్ట్రౌడ్‌కి ఆ ఏటి కొత్తవాళ్ళలో మేటిగా బహుమతి వచ్చింది. 2024లో రెండు ఆటలు ఓడగానే యంగ్‌ని పక్కన కూర్చోబెట్టారు.

మళ్ళీ నా వాక్యం దగ్గరికి. అది నేను మొదట విన్నది ఒక పెళ్ళిలో, మా దూరపు బాబాయి నోట, నా గురించే. నా ఎం.ఎస్. కోసం నాన్న కాలవ కింద ఎకరంన్నర అమ్మాడు. నేను అమెరికా వచ్చి, చదువయ్యాక ఉద్యోగం రాక ఎనిమిది నెలలు ఖాళీగా ఉండి, ఆ మధ్యలో ఊరెళ్ళాను. భోజనాల బంతిలో నా వెనక వరసలోంచి వినబడింది: “ఎకరంన్నర పోసి పంపించాడు, ఇదా వీడు చేసింది?”

ఆ ఎకరంన్నర నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు. బేరం నాన్నకీ కొన్నాయనకీ మధ్య జరిగింది. కానీ ఆ ధర మాత్రం నా ఒంటికి అంటుకుంది. ఏ ఇంటర్వ్యూకి వెళ్ళినా నాతోపాటే వచ్చి కూర్చునేది.

బ్రైస్ యంగ్ విషయంలో నేను చేసింది కూడా సరిగ్గా బాబాయి చేసిన పనే. “నాలుగేళ్ళకి దాదాపు 3.8 కోట్ల డాలర్లు ఇస్తున్నారు, మాట పడితే ఏం?” అని మా మిత్రుడన్నాడు. ఇక్కడ రెండు లెక్కలు కలిసిపోతున్నాయి. ఒకటి జీతం. అది అతను తీసుకున్నాడు, దానికి ఆట బాకీ ఉన్నాడు. బాగా ఆడకపోతే విమర్శించవచ్చు. రెండోది మారకం: ఆ పిక్కులు, ఆ మూర్. అది షికాగోకి పోయింది, యంగ్ చేతికి రాలేదు. ఆ కాగితం మీద అతని సంతకం లేదు. ఆ ధరకి జవాబు చెప్పాల్సింది బేరమాడినవాళ్ళు. కానీ యజమానిని ఎవరూ బెంచీ మీద కూర్చోబెట్టలేరు కాబట్టి, రెండు బిల్లులూ కుర్రాడి ముందే పెడతాం.

2014లో సెయింట్ లూయిస్ రామ్స్ ఈ పని బాహాటంగానే చేశారు. రెండేళ్ళ ముందు రాబర్ట్ గ్రిఫిన్ అనే క్వార్టర్‌బ్యాక్ కోసం వాషింగ్టన్ జట్టు వాళ్ళకి మూడు మొదటి రౌండు పిక్కులు, ఒక రెండో రౌండు పిక్ ఇచ్చింది. గ్రిఫిన్ మొదటి ఏడాది అద్భుతంగా ఆడాడు, చివర్లో మోకాలు దెబ్బతింది, తర్వాత మునుపటి మనిషి కాలేదు. ఆ డిసెంబర్‌లో ఇద్దరికీ ఆట పడ్డప్పుడు, టాస్ వేయడానికి రామ్స్ ఆరుగురు కెప్టెన్లని పంపారు. ఆరుగురూ ఆ బేరం వల్ల తమకి దక్కినవాళ్ళే! ఆట 24–0తో గెలిచారు కూడా. అప్పట్లో చూసి తెగ నవ్వుకున్నాను. ఇప్పుడు చూస్తే, ఒక మనిషి ముందు అతని ఇన్‌వాయిస్‌ని ఊరేగించినట్టుంది.

అయితే ఎక్కువ పిక్కులు పోగేసుకోవడమే తెలివైన పని అని తేల్చేయడానికీ లేదు. ఆ ఆరుగురున్న రామ్స్ సెయింట్ లూయిస్‌లో ఉన్నన్నాళ్ళూ, ఆ తర్వాత లాస్ ఏంజిలిస్‌లో మొదటి ఏడాదీ, ఏ సీజన్‌లోనూ ఓటముల కన్నా ఎక్కువ గెలుపులు చూడలేదు. పోగేయడం వేరు, కట్టడం వేరు.

మరి ఏం చెయ్యాలి? ఇంజినీరుని కాబట్టి ముందు లెక్కలే చూశాను. 1990ల మొదట్లో డాలస్ కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ దగ్గర ఒక పట్టిక ఉండేది. తొలి పిక్‌కి 3000 పాయింట్లు, రెండోదానికి 2600, అలా తగ్గుతూ పోతాయి. క్రమంగా లీగు అంతా దాన్నే ధరల పట్టికగా వాడుకుంది. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి డ్రాఫ్ట్ ఫలితాలు పోల్చి, పై పిక్కులకి జట్లు చెల్లిస్తున్న ధర వాటికి తగ్గ విలువ కాదన్నారు. ఒక స్థానానికి ముందు తీసుకున్న ఆటగాడు, అదే స్థానానికి ఆ తర్వాత తీసుకున్నవాడి కన్నా మెరుగ్గా తేలే అవకాశం బొమ్మా బొరుసూ కన్నా కొంచెమే ఎక్కువట. అంటే పాంథర్స్‌కి స్ట్రౌడ్‌ని వదిలి యంగ్‌ని తీసుకోవడం మూర్ఖత్వం కాదు, నాణెం అటు పడింది, అంతే. 2011 తర్వాత కొత్తవాళ్ళ జీతాలు బాగా తగ్గాయి. 2010 తొలి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్ళకి 7.8 కోట్ల డాలర్ల దాకా రాస్తే, మరుసటేడు మా పాంథర్స్ తీసుకున్న కామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకి 2.2 కోట్లు. దాంతో పై పిక్ చవకైంది, కానీ ముందుచూపు మాత్రం అలాగే ఉంది. మనిషి ఎలా తయారవుతాడో పదును పెరిగిన లెక్కలకీ అందదు.

కాబట్టి నా మొదటి జవాబు: నీకన్నా గట్టి నమ్మకంతో ఎవడైనా బేరానికొస్తే ఆ పిక్ అమ్మెయ్. నమ్మకానికే ఎక్కువ ధర పలుకుతున్న బజారులో అనుమానం ఉన్నవాడు అమ్మేవాడుగా ఉండటం మేలు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. క్వార్టర్‌బ్యాక్ లేకుండా ఎన్ని పిక్కులున్నా లాభం లేదు, ఎప్పుడో ఒకప్పుడు తెగించాల్సిందే. నిజమే. 2017లో కాన్సస్ సిటీ కూడా మరుసటేటి మొదటి రౌండు పిక్‌తో సహా ఇచ్చి, 27 నుంచి పదో స్థానానికి ఎగబాకి పాట్రిక్ మహోమ్స్‌ని తెచ్చుకుంది. కానీ ఆ జట్టు అంతకు ముందటేడు పదహారింట్లో పన్నెండు గెలిచింది. క్వార్టర్‌బ్యాక్‌గా అనుభవమున్న ఆలెక్స్ స్మిత్ ఉన్నాడు. మహోమ్స్ ఆ ఏడాదంతా అతని వెనక కూర్చుని నేర్చుకుని, ఒకే ఒక్క ఆట ఆడాడు. అతని ధర ఎంతో ఆ ఏడాది ఎవరూ అడగలేదు. గెలుస్తున్న ఇంట్లో పిల్లాడికి టైమ్ ఉంటుంది. ఓడుతున్న ఇంట్లో ఉండదు. డ్రాఫ్ట్ న్యాయం ఇవ్వలేనిది ఈ టైమే.

షికాగోని చూడండి. పాంథర్స్ బేరంలో లాభపడింది వాళ్ళే. మా నుంచి వచ్చిన తొలి పిక్‌తో 2024లో కేలబ్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు. ఆ ఏడాది అతన్ని 68 సార్లు పడగొట్టారు. సీజన్ మధ్యలో వాళ్ళూ కోచ్‌ని పంపించేశారు. బేరంలో అంత తెలివి చూపినవాళ్ళు కూడా కుర్రాణ్ణి పెట్టింది అలాంటి ఇంట్లోనే.

అందుకే పై పిక్‌ని వాడటమంటే ఎవర్ని తీసుకోవాలన్నది సగం ప్రశ్నే అనిపిస్తుంది. అది ఓటమి వల్ల దక్కినది, గెలిచి సంపాదించినది కాదు. ఆ ఓటమిని తీసుకొచ్చి, దానితో సంబంధమే లేని ఒక ఇరవై రెండేళ్ళవాడి నెత్తిన పెట్టకుండా ఉండటం మిగతా సగం. ముందు అతన్ని కాపాడే వరస కట్టండి, పట్టుకునేవాణ్ణి అమ్మకండి, ఏడాది కూర్చోబెట్టగలిగితే అతను పడ్డాక కాకుండా అతను దిగకముందే కూర్చోబెట్టండి. ఇవన్నీ దయతో చెయ్యమని కాదు. అడగకుండా ఒక మనిషి మీద పందెం కాసినప్పుడు, ఆ పందెం నిలబడే చోటు చూపించడం కాసినవాడి బాధ్యత. అది చెయ్యనివాడికి “ఇదా వీడు ఆడే ఆట” అనే హక్కు లేదు. టికెట్టు కొన్న నాకు కొంచెం ఉందేమో కానీ, షికాగోకి ఇచ్చినదాని గురించి మాత్రం లేదు.

2024 అక్టోబర్‌లో, ముందున్న క్వార్టర్‌బ్యాక్ కారు ప్రమాదంలో బొటనవేలు దెబ్బ తగిలించుకోవడంతో యంగ్‌కి మళ్ళీ అవకాశం వచ్చింది. ఈసారి మనిషి కుదురుగా, భయం లేకుండా ఆడాడు. ఆ ఏడాది మార్చిలో జట్టు అతని ముందు వరసకి ఇద్దరు కొత్త బలవంతుల్ని బాగా ఖర్చుపెట్టి తెచ్చింది. మొదటి ఏడాది చెయ్యాల్సిన పని రెండో ఏడాది చేశారు.

ఆ శీతాకాలంలో ఒకసారి నాన్నతో ఫోన్లో ఈ ఆట గురించి చెప్పబోయి, సగంలో పొలం మాట ఎత్తాను. “అమ్మింది నేను కదరా. అది నా లెక్క. నీకెందుకు?” అన్నాడు. పదేళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు తేలికపడ్డాను. తర్వాత చెల్లి గుర్తొచ్చింది. నా తర్వాత రెండేళ్ళకి అదీ పైచదువుకి వెళ్తానంది. అప్పటికి అమ్మడానికి ఏమీ మిగల్లేదు. ఊరి దగ్గరే డిగ్రీ చేసి, అక్కడే బడిలో చెబుతోంది. పాంథర్స్ ఇచ్చేసిన మరుసటేటి పిక్ లాంటిది.

“మరి చెల్లి సంగతి, నాన్నా?” అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ అమ్మకిచ్చాడు.