లక్కమ్మ వెనక్కి పంపింది ఎంత?

జోగిపేటలో నాది జిరాక్స్ దుకాణం. దరఖాస్తులు కూడా నేనే నింపిపెడతాను. పేరూ ఊరూ గట్టిగా చెప్పేవాళ్లు ఆదాయం గడి దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. పాశమైలారంలో కాంట్రాక్టు పనికి పోయే ఒకాయన, పక్క పల్లెవాడు, మొన్న అడిగాడు: "అన్నా, కాంట్రాక్టరు వెయ్యి పెంచుతా అంటుండు. పెంచితే కార్డు పోతదా? వద్దని చెప్పాల్నా?"

ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. జీతం 12,000. ఇంట్లో నలుగురు, సంపాదన ఆయన ఒక్కడిదే. పల్లెల్లో రేషన్ కార్డుకు కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షన్నర దాటకూడదు, అంటే నెలకు 12,500. మనిషికి ఆరు కిలోల చొప్పున ఇప్పుడు 24 కిలోల సన్న బియ్యం వస్తున్నాయి. బజార్లో కిలో యాభై అనుకున్నా 1,200. పెరిగేది వెయ్యి, పోయేది పన్నెండు వందలు. తక్కువ రాయమని ఆయన నన్ను అడగలేదు. అడిగి ఉంటే రాసేవాణ్ని కాదు. కానీ ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆయన నెలకు రెండు వందలు నష్టపోవడం ఏ ధర్మం?

మేం బసవన్నను కొలిచేవాళ్లం. కాయకాన్నే, అంటే చేసే పనినే, పూజగా చూడమని ఇంట్లో నేర్పారు. పేదల ఆశ గురించి మాటొస్తే మా పెద్దలు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ ఎత్తుతారు. పన్నెండో శతాబ్దపు కల్యాణ నగరంలో, మనకు జహీరాబాద్ దాటితే ఎంతో దూరం లేని ఊళ్లో, మారయ్య బసవన్న వాకిట రాలిన బియ్యం ఏరుకొచ్చేవాడు. వాటితోనే ఆ దంపతులు జంగములకు అన్నం పెట్టి దాసోహం చేసేవారు. ఒకరోజు మూట బరువుగా ఉంటే లక్కమ్మ ఒప్పుకోలేదు, ఎక్కువైనవి తిరిగి పోసి రమ్మంది. చూశారా, అక్కరకు మించి ముట్టుకోలేదు, మనవాళ్లూ అలా ఉండాలంటారు పెద్దలు.

నేనూ ఆ కథనే నమ్ముతాను. అయితే లక్కమ్మ వెనక్కి పంపింది ఎక్కువైన గింజలనే. రోజూ తెచ్చే వాటా ఇంట్లోనే ఉంది. పిడికెడు ఎక్కువ తెచ్చావు కాబట్టి మూటంతా పారబోసి రమ్మనలేదు, రేపటినుంచి ఆ వాకిలి తొక్కొద్దనలేదు. ఆమె చేయనిదే మన రేషన్ నిబంధన చేస్తోంది.

12,500 దాటి పైకొచ్చినవాడికి 21,000 దగ్గర ఇంకో గీత. 2017 నుంచి ఈఎస్‌ఐ పరిమితి అది. జీతంలో నూటికి ముప్పావలా కోసుకుని ఇంటిల్లిపాదికీ వైద్యం చూసే ఏర్పాటు. రామచంద్రాపురం ఈఎస్‌ఐ ఆస్పత్రిలో తల్లికి షుగర్ మందులు తెచ్చుకునే ఆపరేటరుకు ఐదొందల ఇంక్రిమెంటు వస్తే సంతోషించాలో భయపడాలో తెలియదు. అక్కడ కాస్త దయ ఉంది: మధ్యలో జీతం పరిమితి దాటినా ఆ ఆర్నెల్ల గడువు ముగిసేదాకా బీమా ఆగదు. ఆ తర్వాత కొన్నాళ్లకు మాత్రం తల్లి మందులు సొంత ఖర్చే.

పనిని పూజ అన్నాక, పని పెరిగితే శిక్ష పడే ఏర్పాటును మతం పేరుతో సమర్థించలేం. జీతం పెంపు వద్దనుకునే మనిషి సోమరి కాదు, పిల్లల కంచం చూసుకుని లెక్క వేసుకుంటున్నాడు. అతని చేత ఆ లెక్క వేయిస్తున్నవాళ్లదే తప్పని నా గట్టి నమ్మకం.

దీనికి దారులు లేకపోలేదు. తమిళనాడు రేషన్ బియ్యానికి ఆదాయ పరిమితే పెట్టలేదు. అమెరికాలో తక్కువ జీతాల కుటుంబాలకు 1975 నుంచి పన్ను రూపంలో ఇచ్చే సాయం, ఒక స్థాయి దాటాక, సంపాదన పెరిగేకొద్దీ మెల్లమెల్లగా తగ్గుతుంది తప్ప ఒక్కసారిగా తెగిపోదు. మన దగ్గరా పరిమితి దాటిన కుటుంబానికి పెరిగిన ప్రతి వందకు ఇరవయ్యో ముప్పయ్యో విలువ చేసే బియ్యం తగ్గించవచ్చు. వెయ్యి పెరిగినవాడికి ఏడెనిమిది వందలైనా మిగలాలి. ఈఎస్‌ఐలోనూ 21,000 దాటినవాడు వాటా కాస్త ఎక్కువ కట్టి కొనసాగే వీలుండాలి.

పెంపు తీసుకొమ్మనే ఆ పాశమైలారం ఆయనకు చెప్పాను. జీతం పెరిగితే పీఎఫ్ పెరుగుతుంది, రేపు ఇంకో కంపెనీకి పోయినా ఆ జీతం మీదే మాట్లాడుకోవచ్చు. "మరి ఈ నెల బియ్యం?" అన్నాడు. దానికి జవాబివ్వాల్సింది నేను కాదు, ఆ గీత గీసినవాళ్లు.