నూర్పిడి ఎద్దును, ఆటస్థలములోని విద్యార్థియు

ధ్యానభాగము: 1 కొరింథీయులకు 9వ అధ్యాయము



మా సంఘములో కొల్లేటి లంకనుండి వెళ్లి ఏలూరులో చదువుకొను యౌవనస్థుడొకడు కలడు. చెడుగుడులో దిట్ట. అతడు తాడేపల్లిగూడెములో జరిగిన పోటీలో తన కళాశాలకు కప్పు గెలిచి, మోకాలు చెడగొట్టుకొని వచ్చెను. కప్పు అద్దాల బీరువాలోనికి పోయెను. కుర్రవాడు ఆసుపత్రికి పోయెను. ఖర్చంతయు తండ్రి చేపలమ్మిన డబ్బే. మేము పరామర్శకు వెళ్లగా ఆ తండ్రి, "ఆడింది మావోడు, పేరు కాలేజీది. మరి కాలు ఎవరిదండీ, అయ్యగారూ?" అని అడిగెను. మేము ప్రార్థించి వచ్చితిమి గాని జవాబు చెప్పలేకపోతిమి.

ఇట్టి ప్రశ్నయే అమెరికాలో న్యాయస్థానమువరకు వెళ్లెను. అక్కడ కళాశాలల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటలవలన టిక్కెట్ల రూపముగాను, టెలివిజను ద్వారాను కోట్లాది డాలర్లు వచ్చును. శిక్షకులకు గొప్ప జీతములుండెను. ఆడు విద్యార్థికి మాత్రము చదువు, భోజనము, వసతి తప్ప కళాశాల జీతమియ్యరాదని నియమముండెను. 2021లో అక్కడి సుప్రీం కోర్టు, చదువునకు సంబంధించిన సహాయమునకు హద్దులు పెట్టుట చెల్లదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందము చొప్పున, ఒక్కొక్క కళాశాల తన ఆటగాండ్రకు మొదటి సంవత్సరము సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లవరకు పంచియియ్యవచ్చును. మునుపు ఆడినవారికిని సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించవలెను.

డబ్బు చేరినచో ఆటమీది ప్రేమ చల్లారునని కొందరందురు. ఆ భయము వట్టిది కాదు; ధనాపేక్షను గూర్చి పౌలు తిమోతిని హెచ్చరించెను. అయినను 2014లో ప్రో కబడ్డీ లీగు వచ్చి, తెలుగు టైటాన్స్ వంటి జట్లు చెడుగుడు ఆటగాండ్రకు జీతమిచ్చుచున్నను, ఆట చావలేదు.

ఇప్పుడు మన ధ్యానభాగము చూడుడి. నూర్చు ఎద్దును గూర్చిన ధర్మశాస్త్రపు మాట 9వ వచనములో నున్నది. పందెములో పరుగెత్తువారి మాట 24వ వచనములో నున్నది. ఈ రెంటి నడుమ పౌలు తనకు హక్కున్నదని రుజువు చేసి, పిమ్మట సువార్త నిమిత్తము దానిని వాడుకొననని చెప్పెను. సహోదరులారా, వదలుకొన్నది తన హక్కును. పేతురు హక్కును పౌలు వదలలేదు. త్యాగము చేయు అధికారము హక్కు గలవానిదే. ఆదాయము పుచ్చుకొనువాడు కష్టపడువానితో, "నీవు ప్రేమకొరకే ఆడుము" అనినయెడల అది త్యాగము కాదు, అన్యాయము.

కొల్లేటిలో పడవ గలవానికి పాలున్నది, వల గలవానికి పాలున్నది. నీటిలో దిగినవానికి లేదని ఎవరందురు?

మన కళాశాలలకు అమెరికావలె ఆటల ఆదాయము లేదు. లేనిదానిలో పాలు అడుగము. అయితే గాయపడిన మోకాలికి వైద్యము, తప్పిన పాఠములకు మరల బోధన, ఇవి పాలు కావు, అప్పు. పండుగ రాత్రులలో యౌవనస్థులచేత పాడించి, సేవయని చెప్పి, ఆకలితో ఇంటికి పంపు మన సంఘములును ఈ అప్పును తలంచుకొనవలెను.

ఆ తండ్రికి మా జవాబు ఇది: కాలు దేవుడు మీ కుమారునికిచ్చినది, దాని కష్టఫలము అనుభవించినవారందరు దాని నొప్పికిని బాధ్యులు.

ప్రభువు మనకు న్యాయమైన హృదయము దయచేయునుగాక. ఆమేన్.