పేదరికము - దాని వేర్వేరు అర్థములు

పేదరికమను మాట యొక్కటియే, అర్థములు మూడు. కూడు గుడ్డ లేక బాధపడువాని లేమి యొకటి. అవసరమునకు మించినదానిని తానుగా వదలుకొన్న వాని లేమి మరియొకటి. ఎంత కూడబెట్టినను తనివి తీరనివాని దారిద్ర్యము మూడవది. ఈ మూటిని కలగాపులగము చేసినచో ఆకలిగొన్నవానికి వైరాగ్యము బోధించుటయు, ఆశపోతును భాగ్యవంతుడని పొగడుటయు జరుగును.

12వ శతాబ్దమున కల్యాణపట్టణమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణదంపతులుండిరి. నేలరాలిన బియ్యపుగింజల నేరి తెచ్చుట మారయ్య కాయకము. వానిని వండి, జంగములకు వడ్డించి, పిదప ప్రసాదము స్వీకరించుట వారి నియమము. ఒకనాడు మారయ్య వాడుకకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆనాటికి మించినది ఆశయేయని యెంచి, తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఆ యింట ధనము లేదు, దైన్యమును లేదు. అయితే లక్కమ్మ తన మూటనే కొలిచినది గాని పొరుగింటి కుండను కొలువలేదు. చాలునను మాట తనకు తాను చెప్పుకొన్నచో వ్రతము. ఆకలిగొన్నవానికి చెప్పినచో పాపము.

హైదరాబాదులోని బంజారా హిల్స్ కథ యీ భేదమును తేటపరచును. బంజారాలు, అనగా లంబాడీలు, ఒకప్పుడు ఎడ్లపై ధాన్యమును, ఉప్పును దూరదేశములకు చేర్చినవారు. సేనలకు సైతము వారు తెచ్చిన గింజలే ఆధారమయ్యెను. 19వ శతాబ్దమున రైళ్లు, రహదారులు వచ్చుటతో ఆ వృత్తి క్షీణించెను. సోమరితనముచే గాదు, కాయకము చేజారుటచే వారికి లేమి కలిగెను. వారి తండాలుండిన ఆ రాతికొండలపై నిజాము కాలమున, 1930ల ప్రాంతమున, నవాబు మెహదీ నవాజ్ జంగ్ భవనము కట్టుకొనెను. పిమ్మట సంపన్నుల మేడలు లేచినవి. కొండకు వారి పేరు మాత్రము నిలిచినది. నేడును ఆ మేడల నడుమ బస్తీలున్నవి. మేడలలో అంట్లు తోమువారు, వాకిళ్లూడ్చువారు, కాపలా కాయువారు పలువురు అట్టి బస్తీలనుండియే వత్తురు.

వారు చేయునదియు కాయకమే. వారి లేమి వ్రతము కాదు. దానిని తీర్చుట కలవారి విధి. బసవేశ్వరుడు బిజ్జలుని భాండారమును చేత నుంచుకొనియు దానిని తనదని తలపలేదు. దాసోహమనగా దాతనను గర్వముతో పడవేయు భిక్ష కాదు. దాసుడనను భావముతో చేయు సమర్పణము. పనివాని కూలిలో కోసి మిగిల్చిన రూకలతో వేయిమందికి అన్నము పెట్టినను అది దాసోహము కానేరదు. కావున కలిగినవాడు ముందుగా తన యింట పనిచేసినవారికి తగిన కూలిని వేళకు చెల్లింపవలెను. ఇష్టలింగము నిలుచు అరచేయి ఒకరి కష్టార్జితమును బిగబట్టు పిడికిలి కారాదు.

శ్రీ గురు బసవలింగాయ నమః