ఎదుటివారి కంట్లో ముల్లు

దారికి అడ్డంగా పడి ఉన్న ముళ్ళకొమ్మను పక్కకు తీసివేసిన ఒక వ్యక్తిని గురించి దైవప్రవక్త (స) చెప్పిన విషయం మనలో చాలామందికి తెలుసు. చూడటానికి అది ఎంతో చిన్న పని. అయినా అల్లాహ్ దాన్ని మెచ్చి అతణ్ణి క్షమించాడు. బాటసారులకు బాధ కలిగించే వస్తువును దారి నుండి తొలగించటం విశ్వాస శాఖల్లో ఒకటని కూడా ఆయన బోధించారు. మరి మన చేతులతో మనమే దారిలో ముల్లు వేస్తే ఏమవుతుంది? కాలికి గుచ్చుకునే ముల్లు కాదు, కంట్లో గుచ్చుకునే ముల్లు!

కొన్నేళ్ళ క్రితం సంగతి. మా పాత కారు హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయని నంద్యాలలో ఒక దుకాణంలో 100/90 వాట్ల బల్బులు వేయించాము. కారుతో వచ్చినవి 60/55 వాట్లవి. ఆ రాత్రి ఆళ్ళగడ్డలో బంధువుల ఇంట వలీమా విందుకు వెళ్ళి, ఇషా నమాజు చేసుకుని, చుట్టాలను దింపటానికి రుద్రవరం వైపు బయలుదేరాము. కారు నిండా మనుషులు, డిక్కీలో సామాను. రోడ్డు పట్టపగలులా కనిపిస్తుంటే ఎంతో సంతోషించాము. ఇంతలో ఎదురుగా సైకిలు మీద వస్తున్న ఒక పెద్దాయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, రోడ్డు దిగి పడిపోయారు. పరుగున వెళ్ళి లేవదీశాము. అల్లాహ్ దయవల్ల మోచెయ్యి గీసుకుపోవటం తప్ప మరే దెబ్బా తగల్లేదు. ఆయన మమ్మల్ని తిట్టలేదు. "నీకు దావ కనపడాలని నా కండ్లు పొడుస్తివే నాయనా!" అన్నారు, అంతే.

లైటు డిమ్‌లోనే ఉంది కదా, ఇక మా తప్పేముంది అని మొదట అనుకున్నాము. తర్వాత విచారిస్తే విషయం అర్థమయింది. మామూలు హాలోజన్ బల్బులో డిమ్ తీగ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. వెలుగు పైకి, అంటే ఎదుటివారి కళ్ళలోకి, పోకుండా అది అడ్డుకుంటుంది. అయినా కొంత వెలుగు చెదిరి పైకి పోతూనే ఉంటుంది. వాట్లు పెంచితే అదీ పెరుగుతుంది. పైగా వెనుక బరువు ఎక్కువై కారు ముందుభాగం పైకి లేస్తే డిమ్ లైటు కూడా సూటిగా కళ్ళలోకే కొడుతుంది. ఇప్పుడు చాలామంది హాలోజన్ కోసం తయారైన అద్దంలో ఎల్‌ఈడీ బల్బు బిగిస్తున్నారు. అందులో వెలుగు పుట్టే చోటు, ఆకారం వేరు. కాబట్టి కిందికి పడవలసిన కాంతి నాలుగు వైపులా చెదరిపోతుంది. మన వైరింగుకూ ముప్పే. 60 వాట్ల బల్బు సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటే, 100 వాట్లది 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది. హోల్డర్లు కరిగిపోతాయి.

చట్టం కూడా ఈ విషయాన్ని వదిలిపెట్టలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 106వ నియమం ప్రకారం హెడ్‌లైటు కాంతి కిందికి వంగి ఉండాలి. లైటుకు 8 మీటర్ల దూరంలో, అర మీటరు కుడిపక్కన, నేల నుండి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉన్న కళ్ళకు అది మిరుమిట్లు గొలపకూడదు. ఆ ఎత్తు ఎవరిదో ఆలోచించండి. నడిచి వచ్చే ఒక మామూలు మనిషిది! గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే మోటారు సైకిలువాడికి మూడు క్షణాలు చూపు ఆగిపోతే, అతను 50 మీటర్లు గుడ్డిగా ప్రయాణించినట్టే.

"అందరూ వేసుకుంటున్నారు, ఎదుటివాడు దించనప్పుడు మేమెందుకు దించాలి?" అని కొందరంటారు. కాని ఇతరులకు హాని కలిగించకూడదు, హానికి బదులు హాని చెయ్యకూడదు అన్నది ప్రవక్త (స) నేర్పిన సూత్రం. ఒకరు మన కళ్ళు మూస్తే, మనం మరొకరి కళ్ళు మూయటం న్యాయం కాదు. పైగా మనం పగ తీర్చుకునేది మనల్ని బాధించిన లారీ మీద కాదు. ఆ లారీ వెనుక వస్తున్న సైకిలు మీద. లైసెన్సు తీసుకున్న రోజు రోడ్డు నియమాలు పాటిస్తామని ఒప్పుకున్నాము. ఒప్పందాలను నెరవేర్చమన్న దివ్యఖుర్ఆన్ ఆజ్ఞ దీనికి వర్తించదా?

ఇందులో మరింత భయపడవలసిన విషయం ఇంకొకటుంది. దాసుల హక్కుల విషయంలో మనం అన్యాయం చేస్తే, ఆ మనిషి దగ్గరకు వెళ్ళి క్షమాపణ అడుక్కోవాలి. అప్పు తీర్చని పొరుగువాని ఇల్లు మనకు తెలుసు. నిందవేసిన బంధువు ఊరు తెలుసు. కాని రాత్రివేళ మన లైటుకు కళ్ళు చెదిరి రోడ్డు దిగిన మనిషి ఎవరు? ఆయన పేరేమిటి? ఊరేది? మనం దాటిపోయాక ఆయనకేమయిందో కూడా మనకు తెలియదు. మేము ఆ పెద్దాయన్ను చూశాము కాబట్టి క్షమించమని అడగగలిగాము. అంతకుముందు నంద్యాల నుండి ఆళ్ళగడ్డ వచ్చేదాకా ఇంకెందరి కళ్ళు పొడిచామో! ప్రళయదినాన వారంతా మన ముందు నిలబడితే ఏం చెబుతాం?

మరునాడే ఆ బల్బులు తీయించి, కంపెనీ చెప్పిన వాట్లవే కొత్తవి వేయించాము. పచ్చబడిన అద్దాన్ని పాలిష్ చేయించాము. సమతల నేల మీద గోడకు ఎదురుగా కారు నిలిపి, డిమ్ వెలుగు పై అంచు లైటు ఎత్తుకన్నా కొంచెం కిందికి ఉండేలా సరిచేయించాము. మసక చాలావరకు పోయింది. అసలు దోషం బల్బుది కాదు, మా అశ్రద్ధది! చాలా కార్లలో లైటు ఎత్తు తగ్గించే చిన్న చక్రం స్టీరింగు పక్కనే ఉంటుంది. బరువు ఎక్కించినప్పుడు దాన్ని తిప్పటానికి ఒక్క క్షణం పడుతుంది.

ఇప్పుడు నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారికి మధ్యలో డివైడరు ఉంది. కాని రహదారి దిగి పల్లెబాట పట్టగానే మనకూ ఎదుటివారికీ మధ్య ఏ అడ్డూ ఉండదు. అక్కడ మనల్ని ఆపవలసింది దైవభీతి ఒక్కటే. ఈ రాత్రి బండి తీసేముందు ఒక్కసారి దాని ఎదుట నిలబడి, మన లైటును మన కళ్ళతోనే చూద్దాం.