గురువును తీర్చిదిద్దు విద్యాలయమునకు గురియేమి?

ఒక మఠము గాని, మతసంస్థ గాని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడపునప్పుడు దాని గురి ఏమై యుండవలెను? 1993 నాటి చట్టముతో నేర్పడిన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నియమములు అందరికి నొక్కటే. పాఠ్యప్రణాళికయు, పరీక్షలును ఒక్కటే. మఠము అదనముగా నిచ్చునది విభూతియు, ప్రార్థనయు మాత్రమే యైనచో అందులకు మఠమే చాలును, కళాశాల యెందులకు?

1916లో బెళగావిలో లింగాయత విద్యాసంస్థను స్థాపించినవారు ఏడుగురు ఉపాధ్యాయులు. తుమకూరు సిద్ధగంగా మఠమున, 2019లో లింగైక్యులైన శ్రీ శివకుమార స్వామివారు అన్నము, అక్షరము, ఆశ్రయము మూడింటిని కులము నడుగక యొసగిరి. ఇవి మనకు దారి చూపును గాని, మన యూరి ప్రశ్న వేరొకటి కలదు.

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలలో వానలు తప్పిన యేట కుటుంబములకు కుటుంబములు సుగ్గికి పోవును. గుంటూరు సీమలో పత్తి యేరుటకు, మిరపకాయలు కోయుటకు పెద్దలతో పిల్లలును తరలిపోవుదురు. అట్టి యొక యేట మా బడికి బోధనాభ్యాసమునకై ఒక శిక్షణార్థి వచ్చెను. మెడలో లింగము, నొసట విభూతి. పాఠ్యపథకము ముత్యముల వంటి అక్షరములతో వ్రాసెను. తరగతిలో సగము బల్లలు ఖాళీ. "ఆ వెనుక బల్ల పిల్ల యేది నాయనా?" అంటిని. "ఆబ్సెంటు సార్" అనెను. నేనేమి తక్కువ? అనేక సంవత్సరములు హాజరుపట్టీలో ఆ మాటయే వ్రాసి సంతకము పెట్టితిని.

నులియ చందయ్య గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినను కాయకము నాపలేదని శరణుల కథ. ఇది లింగమునకు అపచారమని శంకించు పెద్దలును కలరు. నాకు మాత్రము ఉపాధ్యాయ శిక్షణకు ఇంతకంటె తగిన పాఠము కానరాదు. మన శిక్షణార్థులలో పలువురు కోరునది ప్రభుత్వోద్యోగమే. పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు బడిలో మతబోధ కూడదని రాజ్యాంగము 28వ అధికరణము చెప్పుచున్నది. కనుక అతని భక్తి నోట పలుకరాదు. మాదిగవాడలోని యింటి గడప యొద్ద నిలిచి "అమ్మా, పిల్లను మా హాస్టలులో విడిచి పొండి, నేను చూచుకొందును" అనుటలో కనబడవలెను. వలసకాలపు హాస్టళ్లు ఉన్నవి. అందు పిల్లలను నిలుపువారు కావలెను.

బోధనాభ్యాసములో ఒక నెల యీ పనికి కేటాయింపుమని మన కళాశాలలను కోరుచున్నాను. ఆ శిక్షణార్థితో ఈ మాటయే అంటిని. అతడు కొంతసేపు నేల చూచి, "దీనికి మార్కులుండునా సార్?" అని యడిగెను. ఉండవంటిని. మరునాటి సాయంకాలము వాడలోనికి దారి యేదని నన్నే యడిగెను.