దేవుణ్ణే కాసేపు ఆగమన్నాడు: చిలకలపూడి పాండురంగడి దగ్గర నేర్చుకోవాల్సిన ఎదిరింపు



ఈ వారం వీడియోలో మనం బందరు పక్కనే ఉన్న చిలకలపూడి వెళ్ళి పాండురంగస్వామిని దర్శించుకున్నాం. వీడియోలో టైము సరిపోక వదిలేసిన విషయం ఒకటుంది. అది తీరిగ్గా మాట్లాడుకోవాల్సింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

ఈ కాలం పిల్లలు చాలామంది మనసులో ఉన్న ప్రశ్న ఇది. "భక్తుడంటే తల వంచేవాడు కదా! మరి ఆఫీసులో అన్యాయం జరిగితే, కాలేజీలో పెద్దవాళ్ళు తప్పు చేస్తే, ప్రభుత్వం తప్పు చేస్తే ఎదురు తిరగవచ్చా? అది అహంకారం అవ్వదా? అన్నీ దేవుడికి వదిలేసి ఊరుకోవాలా?"

మంచి ప్రశ్నే. దీనికి జవాబు చిలకలపూడి గర్భగుడిలోనే ఉంది. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

ఇటుక మీద ఎందుకు నిలబడ్డాడు?

పుండరీకుడి కథ మీకు తెలిసిందే. మొదట్లో తల్లిదండ్రుల్ని చాలా కష్టపెట్టినవాడు. తరవాత మారాడు. ఎంత మారాడంటే, వాళ్ళ కాళ్ళు ఒత్తుతూ కూర్చుంటే లోకం గుర్తొచ్చేది కాదట. ఒకరోజు సాక్షాత్తూ ఆ శ్రీమన్నారాయణుడే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మనమైతే ఏం చేస్తాం? అన్నీ వదిలేసి పరిగెడతాం. పుండరీకుడు ఏం చేశాడు? వెనక్కి ఒక ఇటుక విసిరి, "స్వామీ, దాని మీద నిలబడు. అమ్మానాన్నల సేవ అయ్యాక వస్తాను" అన్నాడు.

ఒక్కసారి ఆలోచించండి. లోకంలో అందరికన్నా పెద్ద అధికారం ఎవరిది? ఆయనది. అలాంటి ఆయనకే ఒక మామూలు మనిషి "ఆగు" అని చెప్పాడు. తిట్టలేదు, తలుపు వెయ్యలేదు, వెళ్ళిపొమ్మనలేదు. "నాకు ఇంకో ధర్మం ఉంది, అది అయ్యాక" అన్నాడంతే. స్వామి కోపగించుకుని వెళ్ళిపోతే నష్టపోయేది ఎవరు? పుండరీకుడే. ఆ నష్టానికి సిద్ధపడే ఆ మాట అన్నాడు.

మరి స్వామి? ఆగాడు. ఇప్పటికీ ఆగే ఉన్నాడు. పండరీపురంలో అలాగే నిలబడ్డాడు. భక్త నరసింహం గారి చలవ వల్ల 1929 నుంచి మన బందరు సముద్రం గాలి పీలుస్తూ చిలకలపూడిలోనూ అలాగే నిలబడ్డాడు. చిలకను కీరం అంటారు కాబట్టి దీనికి కీర పండరీపురం అని పేరు.

ఇప్పుడు పక్కనే ఇంకో అధికారాన్ని పెట్టి చూడండి. హిరణ్యకశిపుడు. అయిదేళ్ళ కొడుకు "నాన్నగారూ, ఈ ఒక్కటి మాత్రం నావల్ల కాదు" అంటే ఆగలేకపోయాడు. ఏనుగులతో తొక్కించాడు, కొండ మీద నుంచి తోయించాడు, విషం పెట్టించాడు. చివరికి వెళ్ళి స్తంభాన్ని గుద్దాడు. "ఆగు" అంటే ఇటుక మీద ఆగినవాడు దేవుడు. "ఆగు" అంటే స్తంభాన్ని గుద్దినవాడు హిరణ్యకశిపుడు. ఏ అధికారం ధర్మంగా ఉందో తెలుసుకోవడానికి ఇంతకన్నా పెద్ద పరీక్ష అక్కర్లేదు.

మన కథల్లో ఎన్ని దారులో

ఎదిరించడం అంటే మనకి వెంటనే ధర్నా, బంద్, రాస్తారోకో గుర్తొస్తాయి. ఫోన్‌లో అయితే హ్యాష్‌ట్యాగ్. మన పురాణాల్లో ఇంకా చాలా దారులున్నాయి.

ప్రహ్లాదుడిది సహాయనిరాకరణ. గమనించారా, అతను బడి మానలేదు. గురువుల్ని అవమానించలేదు. తండ్రికి చేతులు జోడించే మాట్లాడాడు. మనసు ఒప్పుకోని ఒక్క పని మాత్రం చెయ్యనన్నాడు. చివరికి నరసింహస్వామి వరం కోరుకోమంటే ఏం అడిగాడు? తనని అన్ని బాధలు పెట్టిన ఆ తండ్రినే పవిత్రుణ్ణి చెయ్యమని అడిగాడు.

ద్రౌపదిది ప్రశ్న. నిండు సభలో ఆవిడ చేతిలో ఆయుధం లేదు, పక్కన సాయం లేదు. ఒక్కటే అడిగింది: "ధర్మరాజు ముందు తనని ఓడిపోయాడా, నన్నా?" భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనది అని తప్పుకున్నాడు. జవాబు లేని ప్రశ్న ముందు ఎంత పెద్ద సభైనా చిన్నదైపోతుంది. కౌరవుల్లో ఒక్క వికర్ణుడు లేచి ఆవిడ పక్షాన మాట్లాడాడు. ఒక సరైన ప్రశ్న అవతలి గుంపులో నుంచి కూడా ఒకణ్ణి లేపుతుంది.

విభీషణుడిది వదిలి వెళ్ళిపోవడం. అయితే మొదటి రోజే వెళ్ళలేదు. "అన్నయ్యా, సీతమ్మను అప్పగించు" అని పదే పదే చెప్పి చూశాడు. అవమానం పడ్డాక, ఇక ఇక్కడ ఉండి చేసేదేమీ లేదని తేలాకే నలుగురితో కలిసి లంక దాటాడు.

రామదాసుది పాట. కంచర్ల గోపన్న ప్రభుత్వ ఉద్యోగి. వసూలైన సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించాడు, గోల్కొండ ఖైదులో పడ్డాడు. అక్కడ ఆయన నిలదీసింది తానీషాని కాదు, రాముణ్ణి! ఆ నగలు, ఆ కిరీటం ఎవరి సొమ్ముతో వచ్చాయో లెక్క చెప్పమని తిట్టాడు, మళ్ళీ ఏడ్చి క్షమించమన్నాడు. దేవుడితో కూడా తగువు పెట్టుకోవచ్చు. కానీ ఆ తగువు ఆడేవాడు శిక్ష తప్పించుకోలేదు. చెరసాలలో కూర్చునే పాడాడు.

ఆ దారులే బందరు దాకా వచ్చాయి

ఇవన్నీ పుక్కిటి పురాణాలు, ఈ కాలంలో ఎక్కడ పనికొస్తాయి అంటారా? అయితే మన కృష్ణా, గుంటూరు సీమల్లో మన తాతల కాలంలో ఏం జరిగిందో చూడండి.

1910లో కొందరు పెద్దలు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు అందులో ముఖ్యులు. తెల్లవాడి చదువు మాకొద్దు అని నినాదం ఇచ్చి ఊరుకోలేదు. మన చదువు మేమే చెప్పుకుంటాం అని బడి కట్టి చూపించారు. వద్దు అన్నదానికి బదులు ఇంకొకటి తయారుచేసి పెట్టడం కూడా ఒక ఎదిరింపే. నిజానికి అన్నిటికన్నా కష్టమైనది అదే, ఎందుకంటే అది ఒక్కరోజులో అయ్యేది కాదు.

ఆ కళాశాలలో పనిచేసిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు తరవాత చీరాల-పేరాల వెళ్ళారు. అక్కడ మునిసిపాలిటీ పెట్టి పన్నులు విపరీతంగా పెంచారు. జనం మొరపెట్టుకున్నారు, వినలేదు. 1921లో ఊరు ఊరంతా లేచి, ఇళ్ళు వదిలి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఊళ్ళో జనమే లేకపోతే ఇక మునిసిపాలిటీ ఎవరి మీద? ఆ పాకల ఊరికి పెట్టుకున్న పేరు రామనగరం. స్వచ్ఛంద సేవకుల పేరు రామదండు. దాదాపు పదకొండు నెలలు ఎండకీ వానకీ అక్కడే ఉన్నారు. విభీషణుడు చేసిన పని ఒక ఊరు చేసింది. చివరికి గోపాలకృష్ణయ్య గారు జైలుకు వెళ్ళారు, జనం మళ్ళీ పాత ఇళ్ళకి చేరారు. పైకి చూస్తే ఓడిపోయారు. కానీ ఇవాళ మనం తలుచుకునేది ఆ పన్ను వసూలు చేసినవాళ్ళని కాదు.

చిలకలపూడి గుడి వెలిసిన కొద్ది నెలలకే 1930 ఏప్రిల్ వచ్చింది. ఉప్పు సత్యాగ్రహం. పట్టాభి గారు వైద్యుడు. ప్రాక్టీసు వదులుకుని దేశం పనిలోకి వచ్చిన మనిషి. ఆయన వలంటీర్లని వెంటబెట్టుకుని బందరు సముద్రం ఒడ్డుకి వెళ్ళి ఉప్పు వండారు. కార్తీక పౌర్ణమికి మనం మంగినపూడిలో స్నానం చేస్తామే, ఆ సముద్రం నీళ్ళే! చట్టాన్ని దొంగచాటుగా కాదు, పట్టపగలు, అందరికీ చెప్పి మీరారు. అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు.

అదే ఏడాది బందరు కోనేరు సెంటర్లో తోట నరసయ్య నాయుడు గారు జెండా ఎగరెయ్యబోయారు. ఆయన కుస్తీ తెలిసిన మనిషి. తిరిగి కొట్టడం చేతకాక కాదు. పోలీసులు లాఠీలతో బాదుతుంటే ఒక్క దెబ్బ తిరిగి కొట్టలేదు, స్పృహ తప్పేదాకా జెండా వదల్లేదు. బలహీనుడు దెబ్బ తింటే జాలిపడతాం. బలమున్నవాడు చెయ్యి ఎత్తకుండా దెబ్బ తింటే, కొట్టేవాడికి కూడా చెయ్యి వణుకుతుంది. అయిదేళ్ళ ప్రహ్లాదుడి నిబ్బరం ఇంత పెద్ద మనిషిలో ఉంటే ఇలాగే ఉంటుంది.

మన గుడి తలుపే మూసి ఉంటే?

ఇప్పటిదాకా చెప్పినవి వినడానికి సుఖంగా ఉంటాయి. అవతల రాక్షసుడో తెల్లదొరో ఉన్నాడు కాబట్టి. అసలు కష్టం ఇప్పుడు చెప్పేది. అధికారం మన చేతిలోనే ఉండి, తప్పు మనదే అయితే?

పండరీపురంలో స్వామి పాదాల్ని భక్తులే తాకి దండం పెట్టుకోవచ్చు. ఆ ఆలయం గొప్పతనమే అది. కానీ కొన్ని వందల ఏళ్ళు అక్కడికి దళితుల్ని రానివ్వలేదు. చోఖామేళా అంతటి భక్తుడు గుమ్మం బయటే ఉండిపోయాడు. ఆయన సమాధి ఇవాళ్టికీ గుడి మెట్ల దగ్గరే ఉంది.

1947 మే నెలలో, స్వాతంత్ర్యం ఇంకో మూడు నెలల్లో వస్తుందనగా, ఒక బక్కపలచని బడిపంతులు పండరీపురంలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. లోకం ఆయన్ని సానే గురూజీ అంటుంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏంటో తెలుసా? పాండురంగ. పాండురంగ సదాశివ సానే. పాండురంగడి కోసం పాండురంగడే గుడి బయట పస్తు కూర్చున్నాడన్నమాట! అంతకు ముందు నెలల తరబడి మహారాష్ట్ర అంతా తిరిగి ఊరూరా చెప్పి చూశారు. ఆ తరవాతే కూర్చున్నారు. పది రోజులకి గుడి పెద్దలు ఒప్పుకున్నారు. తలుపు తెరుచుకుంది.

సానే గురూజీ ధర్మానికి ఎదురు తిరిగారా? కాదు. ధర్మం పేరుతో తలుపుకి అడ్డం నిలబడినవాళ్ళకి ఎదురు తిరిగారు. వాళ్ళని ద్వేషించకుండా, తన ఆకలితోనే వాళ్ళ మనసు తట్టారు. మన ఇంట్లో, మన అపార్ట్‌మెంట్లో, మన ఊరి గుడిలో ఇలాంటి మూసిన తలుపు ఏదైనా ఉందేమో ఒకసారి చూసుకోవాలి. పనిమనిషికి వేరే గ్లాసు, వేరే లిఫ్టు ఉన్న చోట పాండురంగడు బయటే ఇటుక మీద నిలబడి ఉంటాడు.

మూడు ప్రశ్నలు వేసుకోండి

మరి నేను ఎదిరిస్తున్నది ధర్మమో అహంకారమో తెలిసేదెలా? పైన చెప్పిన వాళ్ళందరిలో మూడు గుణాలు కనిపిస్తాయి. వాటినే ప్రశ్నలుగా వేసుకోండి.

మొదటిది: ముందు మొహం మీద చెప్పానా? విభీషణుడు అన్నకే చెప్పాడు. సానే గురూజీ ఊరూరా చెప్పారు. మేనేజరు తప్పు మేనేజరుకి ఒక్కసారి కూడా చెప్పకుండా పది గ్రూపుల్లో పెడితే దాన్ని చాడీ అంటారు.

రెండోది: ఖర్చు ఎవరు మోస్తున్నారు? ఆకలి, జైలు, దెబ్బ, పోయిన దర్శనం అన్నీ వాళ్ళ మీదే వేసుకున్నారు. బంద్ పేరుతో బస్సు అద్దం పగిలితే దెబ్బ తగిలేది ప్రభుత్వానికి కాదు. ఆ రోజు కూలికి వెళ్ళాల్సిన తల్లికి, హాస్పిటల్‌కి వెళ్ళాల్సిన తాతకి. అలాగే పేరు దాచుకుని ఎవరినో ట్రోల్ చేస్తే మన ఖర్చు సున్నా. ఖర్చు సున్నా అయిన చోట ధర్మం ఎంతుందో అనుమానించాల్సిందే. ఒకటి మాత్రం మర్చిపోవద్దు. నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్ళు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేస్తే అది పిరికితనం కాదు. ఆ ఖర్చు వాళ్ళు ముందే మోసేశారు.

మూడోది: అవతలివాడి మేలు కోరుతున్నానా? ప్రహ్లాదుడు తండ్రి కోసం వరం అడిగాడు. గెలిచాక అవతలివాణ్ణి ఎలా అవమానించాలా అని ఇప్పుడే ఊహించుకుంటున్నామంటే, మనలోని హిరణ్యకశిపుడు అప్పుడే నిద్ర లేచాడని అర్థం.

మూడింటికీ జవాబు అవును అని వస్తే భయపడకండి. అడగండి, చెయ్యనని చెప్పండి, అవసరమైతే వదిలి వెళ్ళండి, పాడండి, కూర్చోండి, కొత్తది కట్టండి. తల వంచాల్సింది స్వామికి. తప్పు ముందు తల వంచమని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ఈ వారం ఒక చిన్న సాధన. మీకన్నా చిన్నవాళ్ళు, మీ మాట వినాల్సిన వాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. తమ్ముడో, చెల్లో, టీమ్‌లో జూనియరో, ఇంట్లో పనిచేసే అమ్మో. వాళ్ళు ఏదో ఒకరోజు మీతో "కాసేపు ఆగండి, ఇది నాకు కుదరదు" అంటారు. ఆ క్షణంలో స్తంభం వైపు వెళ్ళకండి. ఇటుక మీద నిలబడండి. ఒక్క నిమిషం నడుము మీద చేతులు పెట్టుకుని, వాళ్ళు ఎందుకు అలా అన్నారో ఆలోచించండి.

చిలకలపూడి వెళ్ళినప్పుడు స్వామి పాదాల కింద చూడడం మర్చిపోకండి. అది ఒక కొడుకు విసిరిన ఇటుక. దేవుడు దాన్ని అవమానం అనుకోలేదు, ఆసనంగా చేసుకున్నాడు.

పాండురంగ విఠల! పండరినాథ విఠల! సర్వే జనాః సుఖినో భవంతు.